ఉప్పునీటి ట్యాంకు పైపుల్లో యూవీ, రియాక్టర్ కలిపించుకున్న నా అనుభవం

హైదరాబాదు తార్నాకలో మాది రెండో అంతస్తు ఫ్లాటు. హాల్లో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ఉప్పునీటి అక్వేరియం నాలుగేళ్ళుగా నడుస్తోంది. దాని కింద ప్లైవుడ్ అలమరలో సంప్, అంటే పై ట్యాంకు నీరు దిగి శుభ్రపడే చిన్న తొట్టి, ఉంది. సంప్‌లో నురుగుతో మురికిని లాగే ప్రోటీన్ స్కిమ్మర్, హీటరు, నీటిని మళ్ళీ పైకి పంపే రిటర్న్ పంపు తప్ప వేరే ఏర్పాటు లేదు. 2024 డిసెంబరులో మొదలుపెట్టి 2025 ఫిబ్రవరిలో ఆ పైపుల వరుసలోకి నీటిని అతినీలలోహిత దీపం ముందు నుంచి పంపే యూవీ స్టెరిలైజరు ఒకటి, నీటిలోని మలినాలను పట్టే మీడియా నింపిన గొట్టం లాంటి రియాక్టరు ఒకటి చేర్పించాను. ఈ పని తలపెట్టేవారికి సమయం ఎక్కడ పోతుందో, డబ్బు దేనికి ఖర్చవుతుందో తెలిసేలా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దీనికి కారణం అక్టోబరులో వచ్చిన తెల్లమచ్చల జబ్బు. చేపల ఒంటి మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు చుక్కలు వచ్చాయి. మూడేళ్ళుగా మా దగ్గరున్న టాంగ్ చేప నాలుగో రోజున చనిపోయింది. ఆ జబ్బుకు రాగి మందు పనిచేస్తుంది గాని, క్లీనర్ రొయ్యలు, నత్తలు, మెత్తని పగడాలు ఉన్న ట్యాంకులో రాగి వేయడమంటే వాటిని చంపుకోవడమే. అందుకని మిగిలిన చేపలను వేరే ట్యాంకులోకి మార్చి అక్కడ మందు వాడాను. పెద్ద ట్యాంకును పదకొండు వారాల పాటు చేపలు లేకుండా ఉంచాను. ఖాళీగా కనిపించే ఆ ట్యాంకు ముందు కూర్చోవడం మా ఇంట్లో అందరికీ కష్టంగానే ఉండేది. యూవీ ఈ జబ్బును నయం చేయదని నాకు తెలుసు. నీటిలో ఈదుతూ చేప కోసం వెతికే దశలో ఉన్న పరాన్నజీవుల్లో దీపం ముందు నుంచి వెళ్ళినవే చస్తాయి. ఇసుకలో గూడు కట్టుకున్నవీ, చేప చర్మం కింద దాగినవీ అలాగే ఉంటాయి. అయినా మళ్ళీ జబ్బు వస్తే దాని తీవ్రత కొంతైనా తగ్గుతుందన్న ఆశతో యూవీ తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. నీటిలో ఫాస్ఫేటు అప్పటికి లీటరుకు 0.28 మిల్లీగ్రాములకు చేరి రాళ్ళ మీద వెంట్రుకల నాచు పెరుగుతోంది, నీరు లేత పసుపు రంగుకు తిరిగింది; ఆ రెండింటి కోసం రియాక్టరు.

చేపలు బయట ఉన్నప్పుడే పైపుల పని పూర్తి కావాలన్నది నా ఆలోచన. డిసెంబరు 14న పరికరాలకు ఆర్డరు పెట్టాను. 36 వాట్ల యూవీ 12,500 రూపాయలు, రియాక్టరు 5,800 రూపాయలు. రెండూ 23వ తేదీన వచ్చాయి. యూవీ పెట్టె కుదిపితే లోపల గలగలమని చప్పుడు వినిపించింది. విప్పి చూస్తే దీపాన్ని నీటి నుంచి వేరుచేసే క్వార్ట్జ్ గొట్టం ముక్కలైపోయి ఉంది. పెట్టె విప్పుతున్నప్పుడు మా అబ్బాయి వీడియో తీశాడు కాబట్టి అమ్మినవారు పెద్దగా వాదించలేదు, కానీ కొత్త గొట్టం పంపడానికి దాదాపు నాలుగు వారాలు పట్టింది. మధ్యలో సంక్రాంతి సెలవులు రావడంతో కొరియరు ఎక్కడుందో కూడా కొన్నాళ్ళు తెలియలేదు. చివరికి జనవరి 20న అందింది. ఈలోగా చేపలను వేరే ట్యాంకులో ఇంకా ఇరుకున పెట్టడం భావ్యం కాదని జనవరి మొదటి వారంలోనే పెద్ద ట్యాంకులోకి తెచ్చేశాను. దాంతో పని జరిగే రోజున చేపలు ట్యాంకులోనే ఉండబోతున్నాయన్నది ఖాయమైంది. ఆ తరువాతి ఏర్పాట్లన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకునే చేశాను.

గొట్టం కోసం ఎదురుచూసిన ఆ వారాల్లోనే అసలు చిక్కు బయటపడింది. ట్యాంకు కట్టినవారు వేసిన రిటర్న్ పైపును అందరం ఇంచు పైపనే పిలుచుకుంటున్నాం. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే దాని వెలుపలి వ్యాసం 32 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే అది పొలాల్లో వాడే బూడిదరంగు పీవీసీ రకం. ఇళ్ళలో ఓవర్‌హెడ్ ట్యాంకులకు వేసే తెల్ల యూపీవీసీలో ఇంచు పైపు వెలుపలి వ్యాసం 33.4 మిల్లీమీటర్లు. వేడినీళ్ళకు వేసే సీపీవీసీలో అదే ఇంచు పైపు 28.6 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. మూడింటినీ దుకాణంలో ఇంచు అనే అడుగుతాం, ఇంచు అనే ఇస్తారు. కానీ ఒకదాని ఎల్బోలో, అంటే పైపును మలుపు తిప్పే ముక్కలో, మరొకటి కూర్చోదు. 32 పైపు 33.4 ఎల్బోలోకి సులువుగానే దూరుతుంది, అందుకే అది మరీ ప్రమాదం: పైపులు అతికించే సొల్యూషన్ పూస్తే పట్టుకున్నట్టే ఉంటుంది గాని ఆ సందు పూడదు.

నా యూవీకి వచ్చిన యూనియన్లు (విప్పి మళ్ళీ బిగించుకునే జాయింట్లు) 32 మిల్లీమీటర్లవి కాబట్టి అవి పాత పైపుకు సరిపోయాయి. ప్రవాహాన్ని నియంత్రించడానికి నేను తెప్పించిన రెండు ప్లాస్టిక్ గేట్ వాల్వులు మాత్రం 33.4 రకం. బాల్ వాల్వు ప్రతి వీధిలోనూ దొరుకుతుంది, కానీ అది కొద్దిగా తిప్పితేనే నీరు బాగా పెరిగిపోతుంది లేదా తగ్గిపోతుంది. యూవీకి నిదానమైన, నిలకడైన ధార కావాలి కాబట్టి గేట్ వాల్వే మేలు. నాకు స్థానికంగా దొరికిన గేట్ వాల్వులన్నీ ఇత్తడివే. ఇత్తడిలో రాగి ఉంటుంది, ఉప్పునీరు దాన్ని మెల్లగా కరిగిస్తుంది, ముందుగా చనిపోయేది రొయ్యలూ నత్తలే. అందుకే ప్లాస్టిక్‌వి వేరే ఊరి నుంచి తెప్పించాను. రెండూ కలిపి 2,900 రూపాయలయ్యాయి, రావడానికి పది రోజులు పట్టింది.

పైపు ముక్కొకటి కోసుకుని రాణీగంజ్ వెళ్ళాను. పైపుల దుకాణాలు వరుసగా ఉండే ఆ బజారులో సైజు నోటితో చెప్పడం కన్నా ముక్క చేతికివ్వడం మంచిది. నేను వెళ్ళిన దుకాణంలో పెద్దాయన ఆ ముక్కను చూసీ చూడగానే రెండు ఫిట్టింగుల్లో దూర్చి చూపించారు. ఒకదాంట్లో అది వదులుగా ఆడింది. రెండోదాంట్లో సగం దాకా దిగి గట్టిగా ఆగింది. "ఆగినదే మీది. సొల్యూషన్ రాస్తే మిగతా సగం పోతది" అన్నారు. రెండు రకాల పైపులను నేరుగా అతికించే రెడ్యూసరు లేదు, మర అడాప్టర్లే దారి అని కూడా ఆయనే చెప్పారు: 32 వైపు బయటి మర ఉన్న అడాప్టరు, 33.4 వైపు లోపలి మర ఉన్న అడాప్టరు. ఇక్కడ అమ్మే మరలు చాలావరకు ఒకే ప్రమాణానివి కావడంతో అవి ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటాయి. అమెరికా నుంచి వచ్చిన పరికరాల మర కొలత వేరు. ఇంచు సైజులో అంగుళానికి వాటికి పదకొండున్నర చుట్లు, మన దగ్గర పదకొండు. రెండు మూడు చుట్లు ఎక్కాక బిగుసుకుపోతే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పేయాలి. పైపులు, పైపును రెండు శాఖలుగా చీల్చే టీలు, యూనియన్లు, అడాప్టర్లు, ట్యాంక్ నిపుల్ ఒకటి, క్లాంపులు, నైలాన్ క్లిప్పులు కలిపి 3,400 రూపాయలు అయ్యాయి. స్టీలు క్లిప్పులు తీసుకోలేదు. ఉప్పు గాలికి అవి తుప్పు పట్టడం పాత సెటప్‌లో చూశాను.

జనవరి 25, శనివారం సాయంత్రం సొల్యూషన్ ఏదీ పూయకుండా భాగాలన్నిటినీ నేల మీద అమర్చి చూశాం. ఇక్కడ అలమర కొలతలతో పేచీ వచ్చింది. యూవీ దీపం ఒక చివర నుంచే బయటికి వస్తుంది, దాని పొడవు దాదాపు 42 సెంటీమీటర్లు. పరికరం పట్టే చోటు చూసుకుంటే చాలదు, దీపం మార్చేటప్పుడు ఆ మూత ముందు ఇంకో అడుగున్నర ఖాళీ ఉండాలి. కాబట్టి వెనక గోడకు ఆనించి అడ్డంగా పెట్టి, మూత ఉన్న చివరను అలమర పక్క తలుపు వైపు తిప్పాను. నీరు వచ్చే, పోయే మూతులు రెండూ పైకి చూసేలా పెడితే లోపల గాలి నిలవదు, పంపు ఆగినా గొట్టం ఎండిపోదు. అమరిక కుదిరాక ప్రతి జాయింటు మీదుగా పెన్సిలుతో ఒక గీత గీశాను. సొల్యూషన్ పూశాక తిప్పి సరిచేసుకోవడానికి కొన్ని సెకన్లే ఉంటాయి, ఆ గీతలు కలిస్తే ఎల్బో మూతి సరైన దిక్కుకే తిరిగినట్టు.

మరుసటి రోజు మా అపార్ట్‌మెంటుకు ఎప్పుడూ వచ్చే ప్లంబరన్న వచ్చారు. పనిమంతుడు, ఓపికైన మనిషి. కానీ మరల దగ్గరకు వచ్చేసరికి సంచిలోంచి నూలుదారం, మరలకు పూసే తెల్ల రంగు ముద్ద సఫేదా తీశారు.

"అన్నా, దీంట్లో చేపలుంటాయి, సఫేదా వద్దు. టెఫ్లాన్ టేపు ఒక్కటే చుట్టండి."

"టేపు ఒక్కటైతే కారుతది సార్. పోనీ, ఇత్తడి మర ఉన్న అడాప్టరు తెస్తా, జన్మల కారది."

ఇత్తడి ఎందుకు వద్దో మళ్ళీ వివరించాను. ఆయన రొయ్యను కాసేపు తేరిపార చూసి, ఇంత చిన్న జీవికి అంత తేడా తెలుస్తుందా అని అడిగి, ఇక ఏ మాటా అనకుండా టేపే చుట్టారు. ప్లాస్టిక్ మరను చేత్తో బిగుసుకునేదాకా తిప్పి, ఆ పైన రెంచితో సగం చుట్టుకు మించకుండా ఆపడం ముఖ్యం. అంతకు మించితే లోపలి మర ఉన్న భాగం పగులుతుంది, ఆ పగులు వెంటనే కనిపించదు. హ్యాక్సా బ్లేడుతో కోసిన ప్రతి చివరను ఆయన ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తరువాతే సొల్యూషన్ పూశారు. కూలి 1,800 రూపాయలు తీసుకున్నారు.

ఈ వరుసనంతటినీ ట్యాంకుకు కలపకుండా విడిగానే తయారు చేయించడం నేను తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే మేలు చేసింది. ఒక రోజు ఆరనిచ్చి, బాత్రూములో టబ్బు పెట్టి, పాత పంపు ఒకటి తగిలించి, మామూలు నీళ్ళతో రాత్రంతా తిప్పాను. కింద పొడి న్యూస్‌పేపర్లు పరిచాను. చుక్క పడితే కాగితం మీద మరక ఎక్కడుందో చూసి జాయింటు పట్టుకోవచ్చు. తెల్లారేసరికి ఒక యూనియన్ కింద రూపాయి బిళ్ళంత తడి కనిపించింది. విప్పి చూస్తే ఓ-రింగ్ అనే రబ్బరు వలయం కూర్చునే గాడిలో పైపు కోత పొట్టు, సన్నని తీగలాంటి ముక్క, ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి, తుడిచి, మళ్ళీ రాత్రంతా నడిపితే కాగితం పొడిగానే ఉంది. ఇదే తడి అలమరలో, ఉప్పునీటితో, ప్లగ్గు బోర్డు పైన కనిపించి ఉంటే పరిస్థితి వేరు. ఆ తరువాత సొల్యూషన్ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్ళు మార్చుతూ కడిగి, చివర ఆర్‌వో నీళ్ళతో కడిగాను. మా అపార్ట్‌మెంటు నీళ్ళ సంప్‌లో నల్లా నీళ్ళూ బోరు నీళ్ళూ కలిసి వస్తాయి కాబట్టి చివరి కడుగుడుకు ఆ నీళ్ళు నమ్మలేను.

ఆ వారంలోనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి అక్వేరియం లైనుకు కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను. దానికి 3,100 రూపాయలు అయ్యాయి. ఆయన సాకెట్ విప్పితే ఎర్తింగ్ తీగ ఊడి పక్కకు వేలాడుతోంది. నాలుగేళ్ళుగా ఆ సాకెట్ మీదే ఉప్పునీటిలో మునిగిన హీటరూ పంపులూ నడిచాయని తెలిసినప్పుడు గుండె ఝల్లుమంది. పైపుల పని లేకపోతే ఆ సాకెట్ ఎవరూ విప్పేవారు కాదు.

ఫిబ్రవరి 2, ఆదివారం ట్యాంకుకు కలిపాం. పొద్దున పది గంటలకు ముందు హీటరు ఆపాను, ఎందుకంటే సంప్‌లో నీరు తగ్గి అది బయటపడితే పగిలిపోతుంది. ఆ తరువాత స్కిమ్మరు, చివర రిటర్న్ పంపు. పైన ట్యాంకులో నీటిని కదిలించే వేవ్‌మేకర్లు తిరుగుతూనే ఉన్నాయి, వాటికి తోడు బ్యాటరీ గాలి పంపు పెట్టాను. పాత పైపును కోసిన రంపపు పొడి సంప్‌లో పడకుండా మా ఆవిడ తడి తువ్వాలు పట్టుకుని కూర్చుంది. కోసిన చోట టీ, యూనియన్లు అతికించి సొల్యూషన్ గట్టిపడేదాకా ఆగాల్సి వచ్చిన గంటలే ఆ రోజంతటిలోకీ బరువైనవి. క్లౌన్ చేపలు ఎప్పటిలాగే తమ మూలలో ఉన్నాయి; లెదర్ పగడం ముడుచుకుపోయింది. డబ్బా మీద రాసిన సమయం కంటే ఎక్కువే ఆగి, సాయంత్రం నాలుగున్నరకు పంపును నిదానమైన వేగంతో మొదలుపెట్టాను. ఆ జాయింట్ల మీద పూర్తి ఒత్తిడి మరుసటి రోజు సాయంత్రం గాని పెట్టలేదు, యూవీ దీపం కూడా అప్పుడే వెలిగించాను.

తరువాత చేసిన పని కావాలని కరెంటు ఆపి చూడడం. మా ట్యాంకు పైభాగం ఎనిమిది చదరపు అడుగులు, అంటే నీటి మట్టం ఒక్క అంగుళం దిగితే దాదాపు 19 లీటర్లు సంప్‌లోకి వస్తాయి. పంపు ఆగగానే నీరు మెల్లగా పెరుగుతూ సంప్‌లో నాలుగు అంగుళాలు ఎక్కి, అంచుకు ఇంకా మూడు అంగుళాలుండగా ఆగింది. ఆ మట్టం దగ్గర టేపు అంటించాను. మామూలుగా నడిచేటప్పటి మట్టం దగ్గర ఇంకో టేపు. కింది ఫ్లాటు వారి సీలింగు క్షేమం ఆ రెండు టేపుల మధ్య లెక్క మీదే ఆధారపడి ఉంది.

ధార కొలవడానికి మీటరు కొనలేదు. యూవీ నుంచి సంప్ మొదటి గదిలోకి పడే పైపు కింద పది లీటర్ల బకెట్టు పెట్టి, నిండడానికి 40 సెకన్లు పట్టేలా గేట్ వాల్వు తిప్పాను. గంటకు 900 లీటర్లు. రియాక్టరుకు లీటరు మగ్గు 20 సెకన్లలో నిండితే చాలు. ఈ రెండు శాఖలకూ నీరు పోయేసరికి పైన ట్యాంకులో పడే ధార తగ్గింది, పంపు వేగం 60 శాతం నుంచి 80కి పెంచాల్సి వచ్చింది. అలా పెంచగానే కిందికి దిగే పైపు గొరగొరమని శబ్దం మొదలుపెట్టింది. దాని వాల్వును రోజుకు కొద్దికొద్దిగా తిప్పుతూ సరిచేయడానికి వారం పట్టింది. ఆ వారమంతా హాల్లో పడుకునే మా నాన్నగారికి నిద్ర సరిగా లేదు.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. మేత వేసేటప్పుడు రిటర్న్ పంపును పది నిమిషాలు ఆపుతాం. యూవీ వేరే ప్లగ్గులో ఉంటే ఆ పది నిమిషాలూ కదలని నీటిలో దీపం వెలుగుతూ ఆ నీటిని వేడెక్కిస్తుంది. అందుకే రెండిటినీ ఒకే స్విచ్చు కిందికి తెచ్చాను. 

ఫిబ్రవరి 9న రియాక్టరులో ఫాస్ఫేటును పట్టే ఐరన్ మీడియాను, కార్బన్‌ను వేశాను. రెండిటి ఖర్చు 2,600 రూపాయలు. ఐరన్ మీడియాను ఆర్‌వో నీళ్ళలో ఎంత కడిగినా ఎర్రటి నీరు వస్తూనే ఉంటుంది, తేటపడేదాకా కడగక తప్పదు. డబ్బా మీద చెప్పిన దానిలో సగమే వేశాను, ఎందుకంటే ఫాస్ఫేటు ఒక్కసారిగా పడిపోతే పగడాలు తట్టుకోలేవు. రెండు వారాలకు 0.28 నుంచి 0.12కి, మార్చి రెండో వారానికి 0.07కి వచ్చింది. కార్బన్ పనిచేసిన మూడో రోజుకే నీటి పసుపు పోయింది. ట్యాంకు వెనక గాజు కనిపించినంత తేటగా ఉంది. నీరు తేటపడితే వెలుతురు పగడాల దాకా ఎక్కువగా చేరుతుంది, కాబట్టి లైటును పదిహేను శాతం తగ్గించాను. అయినా లెదర్ పగడం దాదాపు వారం రోజులు మూతి ముడుచుకుని, మైనంలాంటి పొర వదిలి, ఆ తరువాతే విచ్చుకుంది. ఆ వారం రోజులూ ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పకముందే దాని దగ్గరికే వెళ్ళేవాణ్ణి.

ఈ పనిలో వాడిన ఉప్పు 1,900 రూపాయలతో కలిపి మొత్తం ఖర్చు 34,000 రూపాయలు. అందులో పరికరాల ధర 18,300 మాత్రమే. మిగతా 15,700 వాల్వులకూ, పైపులకూ, మనుషులకూ, కరెంటు పనికీ, మీడియాకూ, ఉప్పుకూ పోయింది. పరికరం ధర చూసి బడ్జెటు వేసుకునేవారు ఇంచుమించు మరో అంత పక్కన పెట్టుకోవాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక యూవీ వల్ల నీటి వేడి అర డిగ్రీ పెరిగిందని గమనించాను. ఇది రాస్తున్న 2025 మార్చి చివర, అలమర తలుపులు తెరిచి ఫ్యాను పెడితే నీరు 27 డిగ్రీల దగ్గర నిలుస్తోంది. మే నెల ఎండలకు ఫ్యాను చాలకపోతే నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లరు, కావాలి, దానికీ ఇదే పైపు వరుసలోంచి నీరు పోవాలి. అందుకని టీలు కలిపిన రోజే మూడో శాఖకు చోటు వదిలి, యూనియన్, ఎండ్ క్యాప్ పెట్టించి ఉంచాను. చిల్లరు కొంటే ఈసారి పైపు కోయాల్సిన పని లేదు. క్యాపు విప్పి 32 మిల్లీమీటర్ల అడాప్టరు బిగిస్తే సరిపోతుంది.